రెండు దుర్బిన్లు, ఒక పెద్దది

కరీంనగర్

మాఘమాసంలో ఒక మంగళవారం పొద్దున మా తమ్ముడు నర్సింగరావు, నేను జీపులో ఉట్నూర్ అడవుల వైపు బయలుదేరాం. వాడికి అరవై రెండేళ్లు, నాకు డెబ్బై నాలుగు. వెనక సీటు మీద తాళం వేసిన పెట్టెలో వాడి రైఫిల్ ఉంది. నా ఒళ్లో చేతిసంచి, అందులో తువ్వాలలో చుట్టిన రెండు దుర్బిన్లు. రైఫిల్ మీద బిగించి గురి చూసే ఆ గొట్టాన్ని వాడు స్కోప్ అంటాడు. మా బాపు దుర్బిన్ అనేవాడు, నాకూ అదే నోటికి వస్తుంది.

వేటకు బయలుదేరామని అనుకోవద్దు. వేట ఎప్పుడో బంద్ అయింది. పంటలు పాడుచేసే అడవి పందులను మాత్రం ఊరివాళ్లు కోరితే అనుమతి తీసుకుని కాల్చవచ్చు. అలా కాల్చడానికి పేరున్న కొద్దిమందిలో మా తమ్ముడొకడు. చచ్చిన పందిని పూడ్చిపెట్టించాలి, మాంసం ముట్టకూడదు. వాడికి మిగిలేది ఒక దండం, ఒక పూట జొన్నరొట్టె.

నేనెందుకు వెంట వెళ్లానంటే, కిందటి పంటకు వాడు కొట్టిన పంది చావలేదు. గాయంతో జొన్నచేలోకి దూరింది. రెండు రోజులు ఆ చేలోకి ఎవరూ అడుగు పెట్టలేకపోయారు, వెతకబోయిన కుక్కను అది చీల్చేసింది. అప్పటి నుంచి తమ్ముడు మనిషి మారిపోయాడు. "సరిగ కనవడలే అక్కా, కనవడితే తప్పకపోవు" అని వంద సార్లు అన్నాడు. చివరికి హైదరాబాద్ పోయి కొత్త దుర్బిన్ కొనుక్కొచ్చాడు. పాతది మూడింతల నుంచి తొమ్మిదింతల వరకు పెద్దది చేసి చూపిస్తుంది. కొత్తది ఆరు నుంచి ఇరవై నాలుగింతలు. దాని మీద ఒక రింగు ఉంటుంది, తిప్పినకొద్దీ దూరం దగ్గరవుతుంది.

"అర్ద కిలోమీటర్ల ఈగ కూసున్నా కనవడ్తది" అన్నాడు నా ముందర పెట్టి.

"ఈగను కొట్టనీకె పోతున్నవా?"

నేను నలభై ఏళ్లు కరీంనగర్‌లో కళ్లద్దాల దుకాణం నడిపాను. అద్దం ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంటుంది, ఊరికే ఏదీ ఇవ్వదు. ఇరవై నాలుగింతలు పెంచితే పంది దగ్గరికొస్తుంది, కానీ పంది పక్కనున్నది మాయమవుతుంది. వెలుతురూ తగ్గుతుంది. దాని లెక్క సులువు. ముందరి అద్దం వెడల్పును ఇంతలతో భాగించాలి. కొత్తదాని అద్దం యాభై మిల్లీమీటర్లు. ఇరవై నాలుగుతో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు రెండు మిల్లీమీటర్ల చుక్క. ఆరుతో భాగిస్తే ఎనిమిది. మా వయసు వాళ్ల కంటిపాప చీకట్లో నాలుగైదుకు మించి తెరుచుకోదు. అంటే ఆరు మీద పెడితే కన్ను తాగగలిగినంత వెలుతురు అందుతుంది, ఇరవై నాలుగు మీద సగం కూడా అందదు. పందులు వచ్చేది పొద్దుగూకినప్పుడే కదా.

లెక్క కాగితం మీద వేసి చూపించాను. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడే గాని ఒప్పుకోలేదు. మా మరదలు సుశీల నన్ను పక్కకు పిలిచింది. "వదినా, మీరు వెంట పోన్రి. ఈసారి కొట్టాల్నని పట్టు మీదున్నడు. ఏం కొడ్తడో ఏమో అని నాకు బుగులైతుంది." 

ఆ మాటే నన్ను జీపెక్కించింది. 

మెట్‌పల్లి

మెట్‌పల్లి చేరేసరికి ఊరంతా ఉడికిన పసుపు వాసన. ఈ కాలంలో ఆ దారిన పోతే బట్టలకు కూడా పట్టుకుంటుంది. మా వైపు పసుపంటే డబ్బాలో చెంచాడు, ఇక్కడ కళ్లాల నిండా పరిచి ఉంటుంది. హోటల్లో భోజనం తొంభై రూపాయలు. పప్పు బాగుంది, చారులో ఉప్పు ఎక్కువ.

తుపాకిని బండిలో వదిలి పోకూడదు కనుక తమ్ముడు పెట్టెను లోపలికి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. ఎదురు బల్ల మీద గోళ్లకు పసుపంటిన రైతొకడు తింటూ ఆ పెట్టెనే చూశాడు.

"ఏం వాయిస్తరు సార్? గిటారా?"

"పందులకు పాట వినిపిస్త" అన్నాడు తమ్ముడు.

అతనికి విషయం అర్థమై గట్టిగా నవ్వాడు. తర్వాత పెరుగు కలుపుకుంటూ, "జర పైలం సార్. పోయిన యాడాది మా దిక్కు ఒగడు పంది అనుకొని బర్రెను కొట్టిండు. గది కూడ పాలిచ్చే బర్రె" అన్నాడు. "బర్రె గాబట్టి సరిపోయె. ఆడ గడ్డి కోసేటామె ఉంటే?"

తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు. "దుర్బిన్ లేనోడు అయ్యుంటడు" అన్నాడు.

"ఉన్నదన్నరు సార్. మంచిదేనట."

మిగిలిన అన్నం తమ్ముడు తినలేదు. గోదావరి దాటేటప్పుడు నేను చిల్లర వేస్తుంటే కూడా బండి నెమ్మది చేయలేదు.

నిర్మల్

నిర్మల్‌లో ఆ రాత్రికి ఆగాం. గది తొమ్మిది వందలు, వేడినీళ్లు బకెట్టుకు ఇరవై వేరే. వసారాలో నిలబడితే రోడ్డుకు అవతల బొమ్మల దుకాణం కనిపిస్తుంది. ఇక్కడి బొమ్మలు పొణికి చెక్కతో చేస్తారు, చేతిలో పెడితే బరువుండవు. అందుకే ఏనుగును కూడా రెండు వేళ్లతో ఎత్తవచ్చు.

ఇంకా పొద్దు ఉంది. సంచిలోంచి కొత్త దుర్బిన్ తీసి ఇచ్చాను. మీట నొక్కితే ఊడి, మళ్లీ అదే చోట కూర్చునే బిగింపు దానిది. రైఫిల్ పెట్టెలోనే ఉంది.

"రింగు మొత్తం తిప్పి ఆ దుకాణం చూడు. ఏం కనవడ్తుంది?"

"ధర చీటీ. నూట ఎనభై." వాడి గొంతులో గర్వం. "కింద సున్న జర కొట్టేసి దిద్దిన్రు. గది సుత కనవడ్తుంది."

"ఏ బొమ్మ మీద?"

అటూ ఇటూ తిప్పాడు. చేయి కాస్త కదిలినా అందులో దుకాణమంతా ఊగిపోతుంది. "బూడిద రంగు కాలు... ఏనుగు."

పాతది మూడు మీద పెట్టి ఇచ్చాను. చూసి, దించి, మళ్లీ చూశాడు.

"ఎద్దు" అన్నాడు. "గంగిరెద్దు."

"పక్కన?"

"దుకాణపాయన కూసున్నడు."

"ఇందాకటి దాంట్ల ఆయన ఉన్నడా?"

వాడు కొత్తదాన్ని మళ్లీ కంటికి పెట్టుకుని చూశాడు. "పందికి ధర చీటీ కట్టి ఉండదు నర్సింగా" అన్నాను.

నవ్వొచ్చింది గాని ఆపుకున్నాడు. ఒక రాజీకి వచ్చాం. కొత్తదానికే గురి సరిచేసి తెచ్చాడు కనుక రైఫిల్ మీద అదే ఉంటుంది. కానీ రింగు ఆరు దాటకూడదు. "నీ మీద ఒట్టు అక్కా, ఆరు మీదనే ఉంచుత" అన్నాడు. పాతది నా చేతిలో ఉండేటట్టు ఒప్పందం.

ఉట్నూర్ దాటాక

బుధవారం ఉట్నూర్‌లో చాయ తాగాం, పది రూపాయలు. కరీంనగర్‌లోనూ అంతే, కానీ ఇక్కడి గ్లాసు పెద్దది. అక్కడి నుంచి టేకు చెట్ల మధ్య ఎర్రమట్టి దారి. ఊటనీళ్లు నిలిచిన ఒక గుంతలో జీపు దిగబడితే నేను దిగి రాళ్లేశాను. వాడు నన్ను కూర్చోమని అరిచాడు, నేను వినలేదు. అరగంట పట్టింది. నా చెప్పు ఒకటి ఆ బురదలోనే ఉండిపోయింది. మిగతా ప్రయాణం భీంరావు భార్య ఇచ్చిన రబ్బరు చెప్పులతో చేశాను.

భీంరావు మమ్మల్ని పిలిపించిన గోండు రైతు. యాభై దాటి ఉంటాయి. ఆయన భార్య జైతుబాయి. ఊరి పేరు రాయను, కారణం ముందు ముందు తెలుస్తుంది. "రామ్ రామ్ బాయి" అంటూ ఆమె చెంబుతో నీళ్లు ఇచ్చింది. మా ఇళ్లలో రాగానే కూర్చోమంటారు, ఇక్కడ ముందు కాళ్లు కడుక్కోవాలి. మధ్యాహ్నం జొన్నరొట్టె, కందిపప్పు, దంచిన మిరపకారం. రొట్టెను పీట మీద కాదు, రెండు అరచేతుల మధ్య తట్టి పెంచుతుంది. నేను ప్రయత్నిస్తే ముక్కలైంది.

"పట్నం చేతులు" అంది జైతుబాయి.

"నలభై ఏండ్లు అద్దాలు పట్టుకున్న చేతులు" అన్నాను.

"అందుకే రొట్టె పలిగింది." అందరం నవ్వాం.

తింటూ తమ్ముడు పందుల సంగతి అడిగాడు. వాగు పక్కన రెండెకరాల జొన్న, పాలు పట్టే దశలో ఉంది. మంద వస్తే ఒక పూటలో నేలమట్టం చేస్తుంది. నెల రోజుల నుంచి ఇంట్లో ఎవరో ఒకరు మంచె మీదే ఉంటున్నారు.

"నిన్న వచ్చినయా?"

"నిన్న రాలే సాబ్. మొన్న సుత రాలే" అన్నాడు భీంరావు. గొంతు కాస్త తగ్గించాడు. "పెద్దది తిరుగుతుంది. పెద్దది వచ్చిన నాడు పందులు రావు."

ఆ మాట అనగానే జైతుబాయి పిండి చేతిని నుదుటికి ఆనించుకుంది. ఎందుకో అడుగుదామనుకునేలోపే పొయ్యి మీద రొట్టె మాడింది, ఆమె అటు తిరిగింది.

తమ్ముడి కళ్లు మెరిశాయి. "పెద్దదా? ఎంత పెద్దది?"

"మస్తు పెద్దది సాబ్. వాగు ఇసుకల అడుగు చూసిన."

"ఒక్కటే తిరుగుతదా?"

"ఒక్కటే."

"ఒంటి పంది" అన్నాడు తమ్ముడు నాతో, మెల్లగా. "ముసలి మగది. గందుకే మంద దూరముంటుంది. ఇయ్యాల దాని సంగతే చూస్త." భీంరావుకు వినబడేటట్టు గట్టిగా, "ముందుగాల పెద్దదాన్నే కొడ్త!" అన్నాడు.

భీంరావు ఒక క్షణం చూసి పకపకా నవ్వాడు. "పెద్దదాన్నా! మజాక్ చేస్తున్నవ్ సాబ్!"

తమ్ముడు ఆ నవ్వును పందెంలా తీసుకున్నాడు. కిందటేడు తప్పిందని ఈయనకు కూడా తెలిసిపోయిందని అనుకున్నాడట, తర్వాత చెప్పాడు. ముఖం ఎర్రబడింది. నాకు మాత్రం ఏదో పొసగలేదు. ఒక్క మగపందికి భయపడి పిల్లల తల్లులు పాలు పట్టిన జొన్నను వదులుకుంటాయా? అడవి సంగతి నాకేం తెలుసులే అని ఊరుకున్నాను.

మంచె

నాలుగు దాటాక మంచె ఎక్కాం. మనిషికి ఒకటిన్నరింతల ఎత్తు. నిచ్చెన మెట్లు ఐదు, నాలుగో మెట్టు దగ్గర మోకాలు మొరాయిస్తే భీంరావు వెనక నుంచి, తమ్ముడు ముందు నుంచి లాగారు. "దిగేటప్పుడు చూస్కుందాం" అని భీంరావు వెళ్లిపోయాడు. ఎడ్లు వాగు అవతల మేస్తున్నాయి, చీకటి పడేలోగా తోలుకొస్తానన్నాడు.

మా ముందర జొన్న, జొన్న అంచున మోకాలెత్తు ఎండుగడ్డి, గడ్డి దాటితే వాగు. అక్కడికి ఎనభై గజాలుంటుందని తమ్ముడు చెప్పాడు. రింగు ఆరు మీద పెట్టి నాకు చూపించాడు. నేను తలూపాను. పాత దుర్బిన్ నా ఒళ్లో ఉంది.

పొద్దు టేకు చెట్ల వెనక్కి దిగింది. చలి పెరిగింది. మా వైపు సాయంత్రం అంటే మైకులు, హారన్లు. ఇక్కడ జొన్న ఆకు ఒకదానికొకటి రాసుకుంటే చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. దూరంగా కొండముచ్చు ఒకటి దగ్గినట్టు అరిచింది. మళ్లీ అరిచింది. ఆగింది.

తమ్ముడు రైఫిల్ భుజానికి ఆనించాడు.

నేను ఉత్త కళ్లతో చూస్తే గడ్డి బూడిద రంగుగా ఉంది, అంతే. వాడి వేలు రింగు మీదికి పోయింది. మెల్లగా తిప్పాడు. వాడి మోచేయి పట్టుకున్నాను.

"ఒట్టు పెట్టినవ్."

"ఉష్. ఉన్నదక్కా. బుజం కనవడ్తుంది. బురద పట్టి ఉన్నది. ఏం బుజం అది!" ఊపిరి బిగపట్టి మాట్లాడుతున్నాడు. "ఇగ తప్పదు."

రైఫిల్ పేలకుండా ఆపే సేఫ్టీ మీట తీసిన చప్పుడు వినిపించింది. చిన్న టిక్కు. గాయపడ్డ పంది, చీలిపోయిన కుక్క, పాలిచ్చే బర్రె, సుశీల ముఖం, అన్నీ ఒక్కసారే వచ్చాయి. పాత దుర్బిన్ కంటికి పెట్టుకున్నాను. మూడింతలే కనుక అందులో వెలుతురు నిండుగా ఉంది. గడ్డి గట్టు, గట్టు మీద చింత మోడు, దాని కింద వాగు, అన్నీ ఒకే చట్రంలో పట్టాయి. మధ్యలో ఒక నల్లటి ముద్ద. వాడు చెప్పిన భుజం అదే అయ్యుండాలి.

ఆ ముద్దకు చాలా ఎడంగా, మోడు దగ్గర, గడ్డిలోంచి ఏదో లేచింది. పాము తల ఎత్తినట్టు లేచి, ఒక్కసారి వంగి, పడుకుంది. మళ్లీ లేచింది. కొస నల్లగా ఉంది.

భుజానికీ ఆ కొసకూ మధ్య ఒక మంచం పొడుగుంది. 

జైతుబాయి నుదుటికి ఆనించిన పిండి చేయి గుర్తొచ్చింది. పందుల పేరు వాళ్లు పొద్దటి నుంచి పది సార్లు ఎత్తారు. దీన్ని మాత్రం పెద్దది అన్నారే గాని ఎవరూ పేరెత్తలేదు.

"నర్సింగా, తోక చూడు."

"బుజం మీదున్నక్కా. కదిలియ్యకు."

"పందికి గంత తోక ఎక్కడిదిరా! రింగు ఆరుకు తిప్పు. తిప్పి చూసి కొట్టు. నీ ఇష్టం, చూసినంక కొట్టు."

వాడి వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. ఎంతసేపు ఉందో చెప్పలేను. నేను లెక్కపెట్టని సమయం నా జీవితంలో చాలా తక్కువ, అది ఒకటి. తర్వాత ఎడమ చేయి ముందుకు జరిగింది. రింగు తిరిగింది.

వాడి నోటి నుంచి ఒక చిన్న శబ్దం వచ్చింది, చిన్నప్పుడు బావిలోకి తొంగి చూసినప్పుడు చేసే శబ్దం.

భుజం మీద బురద, బురద కింద చారలు. గడ్డి నీడలనుకున్నవన్నీ చారలే. వాగులో పడుకుని లేచి వచ్చినట్టుంది, ఇంకా తడిగా ఉంది. మా వైపు చూడటం లేదు. తల వాగు అవతలికి తిప్పి ఉంది.

అప్పుడు వినిపించాయి, ఎడ్ల మెడ గంటలు. భీంరావు వాగు దిగి వస్తున్నాడు.

అది గంటల వైపు చెవులు నిలిపింది. ముందరి కాళ్లు ఒంటి కిందికి లాక్కుంది. తమ్ముడు రైఫిల్ పక్కన పెట్టి మంచె మీద నిలబడ్డాడు. గాలిలోకి కాలిస్తే ఎడ్లు బెదిరి ఎటు పరుగెడతాయో తెలియదు. వాడు రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి అరిచాడు.

"భీంరావ్! పెద్దది! ఈడ పెద్దది ఉన్నది!"

ఆ క్షణంలో కూడా వాడు ఆ ఊరి మాటే అన్నాడు. ఆ మాట కాక ఇంకోటి అరిచి ఉంటే భీంరావు ఏదని అడిగేవాడేమో. గంటలు ఠక్కున ఆగాయి. వాగు అవతల నుంచి పొడుగాటి కేక ఒకటి వచ్చింది, దానికి ఊరి వైపు నుంచి ఇంకో కేక, ఇంకోటి. పళ్లాలు మోగాయి.

అది లేచింది. తొందర పడలేదు. లేచాక తెలిసింది ఎంత పెద్దదో. మా మంచె వైపు ఒకసారి చూసి, వాగు వెంబడి పైకి, ఎడ్లు లేని దిక్కుకు నడిచిపోయింది. తోక చివరిదాకా కనిపించింది.

తమ్ముడు కూర్చుని సేఫ్టీ వేశాడు. తూటా తీసి నా అరచేతిలో పెట్టాడు. అది చలికి చల్లబడి ఉంది.

ఊరివాళ్లు దివిటీలతో వచ్చి మమ్మల్ని దింపారు. భీంరావు తమ్ముడి రెండు చేతులూ పట్టుకున్నాడు, "జాన్ బచాయించినవ్ సాబ్, నాది, నా ఎడ్లది." తమ్ముడు తలెత్తలేదు.

"నేను దాన్ని పంది అనుకున్న భీంరావ్. కొడ్తుంటి."

భీంరావు వాడి చేతులు వదిలేశాడు. "పగలు చెప్పిన కద సాబ్, పెద్దది అని!"

"పెద్ద పంది అనుకున్న."

"పందైతే పంది అంట గద! దాని పేరు అడివిల అనం. అంటే వస్తది." జైతుబాయి మళ్లీ చేయి నుదుటికి ఆనించి, ఈసారి నన్ను కూడా ఆనించమంది. ఆనించాను.

తిరుగుదారి

మర్నాడు పొద్దున అటవీశాఖ మనుషులు వచ్చి వాగు ఇసుకలో అడుగులు కొలిచారు. అది పోయేదాకా అక్కడ తుపాకి పేలకూడదన్నారు, ఊరి పేరు బయట చెప్పవద్దన్నారు. పందుల సంగతేమిటని తమ్ముడు అడిగితే, భీంరావే చెప్పాడు. "అది ఉన్నన్ని దినాలు పందులు రావు సాబ్. నా జొన్నకు కాపలా అదే. ఎడ్లను ఇంట్ల కట్టేస్కుంట." తూటాలు ఐదు తీసుకెళ్లాం, ఐదు తిరిగి తెచ్చాం.

నిర్మల్‌లో బండి ఆపమనకుండానే తమ్ముడు ఆపాడు. బొమ్మల దుకాణానికి ఎదురుగా నిలబడ్డాడు. ముందు రోడ్డు అవతల నుంచే వరస మొత్తం చూసి, తర్వాత దగ్గరికి పోయాడు.

"అది ఇయ్యి" అని వేలు చూపించాడు.

"ఏది సార్?"

"గా పెద్దది."

దుకాణపాయన నిచ్చెనేసి పై అర మీది ఏనుగును దించాడు. 

"గిది కాదు. పెద్దది."

"గింతకంటే పెద్దది లేదు సార్."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను సాయం చేయలేదు. చుట్టూ బస్సులు, ఆటోలు, చెరుకు రసం బండి. అడవి ఎక్కడో వెనక ఉండిపోయింది. అయినా వాడు ఒకసారి మేం వచ్చిన దారి వైపు తిరిగి చూసి, ముందుకు వంగి, దుకాణపాయన చెవిలో చెప్పాడు.

"ఓ, పులా! గట్ల చెప్పున్రి మరి" అన్నాడు ఆయన, బజారంతా వినబడేటట్టు.